ఓకా దుంప: నామ కృషి వినియోగముల చరిత్ర

సస్యములకు పేళ్లు రెండు విధముల నేర్పడుచుండును. పండించువారు పెట్టినవి కొన్ని. చూచినవారును కొన్నవారును పెట్టినవి కొన్ని. మొదటి విధమైన పేళ్లలో సస్యమును గూర్చిన యనుభవ ముండును. రెండవ విధమైన వానిలో సస్యము వచ్చిన త్రోవయో, దాని యాకారమో మాత్రమే గోచరించును. తెలుగుదేశమున సర్వసామాన్యమైన యొక దుంపను కోస్తా జిల్లాలవారు బంగాళాదుంప యనియు, రాయలసీమవారు ఉర్లగడ్డ యనియు, తెలంగాణమువారు ఆలుగడ్డ యనియు వ్యవహరింతురు. మొదటి పేరు బంగాళదేశమును స్మరించుచున్నది. రెండవది దొర్లుటను దెలుపు ద్రావిడ ధాతువునుండి వచ్చి దుంప గుండ్రదనమును జెప్పుచున్నది. మూడవది పిండాలుకము, రక్తాలుకము మొదలైన ప్రాచీన కందనామములలోని ఆలుకశబ్దము; పాత పేరు క్రొత్త దుంపకు సంక్రమించినది. ఈ మూడింటిలో నేదియు నా దుంప జన్మభూమిని జెప్పదు. అది దక్షిణ అమెరికా పడమటి యంచున నున్న ఆండీస్ పర్వతశ్రేణి.

ఆ పర్వతములందే బంగాళాదుంపకు సహచారియై, దానివలె లోకమంతయు వ్యాపింపక, పుట్టినచోటనే ప్రధానముగా నిలిచిన మఱియొక దుంప కలదు. దానికి ఓకా యని పేరు. ఎక్కువగా దేశాంతరములు చూడకపోవుటచే దాని విషయమున పండించువారి పేళ్లు చెక్కుచెదరక నిలిచినవి. ఒక సస్యమును గూర్చి కర్షకులు తెలిసికొనిన జ్ఞానము భాషయం దెట్లు నిక్షిప్తమై యుండునో పరిశీలించుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు.

ఓకా పంటకు పెరూ, బొలీవియా దేశములు ముఖ్యస్థానములు. ఉత్తరమున ఈక్వడారు, కొలంబియా, వెనిజువెలా మెట్టలవఱకును, దక్షిణమున అర్జెంటీనా యుత్తరభాగమువఱకును దీని సాగు కలదు. సముద్రమట్టమునకు సుమారు 3,000 మొదలు 3,900 మీటర్ల యెత్తున, అనగా దాదాపు 10,000 మొదలు 13,000 అడుగుల యెత్తున, ఇది బాగుగా పండును. అంత యెత్తున మొక్కజొన్న పండుట కష్టము. అచ్చటి ప్రజలకు నాలుగు దుంపలు జీవనాధారములు: బంగాళాదుంప, ఓకా, ఉల్యూకు, మాషువా. వీనిలో బంగాళాదుంప తరువాతి స్థానము సామాన్యముగా ఓకాకే చెల్లును. చూపునకు నాలుగును దుంపలే యైనను వంశమున నొకదానికొకటి సంబంధము లేదు. బంగాళాదుంప వంగ కుటుంబమునకు జెందినది. ఉల్యూకు బచ్చలి కుటుంబమునకు జెందినది. మాషువా వేఱొక కుటుంబమునకు జెందినది. ఓకా పులిచింత కుటుంబమునకు జెందినది. నాలుగు వేర్వేఱు వంశముల మొక్కలనుండి నాలుగు దుంపపంటలను సాధించుట ఆండీస్ కర్షకుల దీర్ఘపరిశ్రమకు నిదర్శనము.

తెలుగుపల్లెల గట్లమీదను, పెరళ్లలోను, తడినేలలందును దానంతట మొలచు పులిచింతను ఎఱుగనివారు లేరు. మూడేసి చిన్నయాకులు, పసుపుపచ్చని పూవులు, నాలుకకు దగిలినంతనే పులుపు దాని లక్షణములు. ఓకా మొక్కకును ఇవే లక్షణములు కలవు. దాని యాకులును మూడేసియై యుండి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ముడుచుకొనును. భేదమెల్ల భూమిలోపల నున్నది. ఓకాకు కాడల మొదళ్లనుండి సన్నని తీగలు భూమిలోనికి బోయి కొనలయందు దుంపలగును. ఆ దుంప వ్రేలివలె పొడవై, ముడతలుపడి, మైనము పూసినట్లు మెఱయుచు, కన్నులు కలిగి యుండును. తెలుపు, పసుపు, గులాబి, ఎఱుపు, ఊదా, నలుపు రంగుల దుంపలు కలవు. పచ్చిదుంపలో నూటికి ఎనుబది పాళ్లకు మించి నీరుండును. మిగిలినది చాలవఱకు పిండిపదార్థమును చక్కెరయును.

పులిచింతకు సంస్కృతమున చాంగేరి యని ప్రసిద్ధమైన పేరు. అమరకోశమున చుక్రిక, దంతశఠ, అమ్లలోణిక మొదలైన పర్యాయములు చెప్పబడినవి. ఇందు చుక్రిక, అమ్లలోణిక యనునవి పులుపును దెలుపుచున్నవి. దంతశఠ యనునది పండ్లు పులిసిపోవుటను దెలుపుచున్నది. తెలుగున పులిచింత యన్నను పులుపే ప్రధానము. యూరపు వృక్షశాస్త్రజ్ఞులు ఈ జాతికి పెట్టిన ఆక్సాలిస్ అను పేరు సైతము పులుపును దెలుపు గ్రీకుశబ్దమునుండి పుట్టినదే. చిలీ దేశస్థుడైన హువాన్ ఇగ్నాసియో మోలినా 1782లో ప్రకటించిన తన గ్రంథమున ఓకాకు ఆక్సాలిస్ ట్యూబరోసా, అనగా దుంపగల పులిచింత, అని శాస్త్రనామము నిచ్చెను. ఇట్లు ఒకదాని నొక టెఱుగని భాషలన్నియు నీ కుటుంబమును జూచి మొదట పులుపునే చెప్పినవి. అయితే దుంపను పండించి తినువారు అంతటితో నాగలేదు.

ఓకా యను పేరు ఇంకాల రాజభాషయైన కెచువాలోనిది. ఆ భాషయందు అ, ఇ, ఉ అను మూడచ్చులే ప్రధానములు. ఈ పదము మూలమున ఉకారాదియే. కాని దానిలోని హల్లు సామాన్యమైన కకారము గాదు. కొండనాలుక చెంత బుట్టు కంఠ్యధ్వని. అరబ్బీలోని కలము మొదలైన శబ్దముల మొదట నున్నది ఈ ధ్వనియే. తెలుగున నది కకారముగా మాఱినది. కెచువాలో ఈ ధ్వని చెంతనున్న ఉకారము క్రిందికి జాఱి ఒకారమువలె వినబడును. విన్నది విన్నట్లు వ్రాసికొనిన స్పెయినువారు అచ్చును నిలిపి, తమ భాషలో లేని హల్లును వదలి, ఓకా యని లిఖించిరి. స్పానిషు భాషలో ఓకా యనగా బాతుజాతి పక్షి యని యర్థమగుటచే, ఆండీస్ చరిత్ర తెలియని చదువరికి ఈ రెండు పదములును ఒక్కటేయన్న భ్రాంతి కలుగుట సహజము. వీనికి సంబంధ మేమియు లేదు.

టిటికాకా సరస్సు ప్రాంతమున ప్రధానమైన ఐమారా భాషలో ఈ దుంపకు అపిల్యా యని వేఱుపేరు కలదు. కొలంబియా మెట్టలలో ఇబియా యనియు, వెనిజువెలాలో కుయ్‌బా యనియు వాడుక. ఒక భాషనుండి మఱియొక భాష కరువు తెచ్చుకొనక ఎవరి పేరు వారికి ఉండుటం బట్టి, ఈ సస్యము స్పెయినువారి రాకకు చాలకాలము ముందే ఆ పర్వతభూముల నెల్ల వ్యాపించియుండె నని యూహింపవచ్చును.

ఓకాను గూర్చిన పూర్వలేఖకులలో గార్సిలాసో దె లా వేగా ప్రసిద్ధుడు. ఆయన 1539లో కుజ్కో నగరమున జన్మించెను. తండ్రి స్పెయినువాడు, తల్లి ఇంకా రాజవంశీయురాలు. ఇంకాల చరిత్రను గూర్చి యాతడు వ్రాసిన గ్రంథముయొక్క ప్రథమభాగము 1609లో లిస్బన్ నగరమున ముద్రితమైనది. నేలలో పండు కాయగూరలను వర్ణించుచు నాతడు ఓకాను చేతి పెద్దవ్రేలంత పొడవును లావును గలదిగా బేర్కొనెను. అది తియ్యనిదగుటచే పచ్చిగను వండియు దిందురనియు, ఎండబెట్టినచో తేనెగాని చక్కెరగాని చేర్పకయే పాకమున వేసిన పండువలె నుండుననియు, అప్పుడు దానికి కావి యను పేరు కలుగుననియు దెలిపెను. అదే యాకారము గలిగి రుచియందు విరుద్ధమై కొంచెము చేదుగా నుండు మఱియొక దుంపను అన్యు అను పేర నాతడు చెప్పినాడు. అదియే మాషువా.

ఈ వర్ణనమున రెండంశములు ముఖ్యములు. మొదటిది, పులుపునకు బేరుపొందిన కుటుంబములోని దుంపను గార్సిలాసో పలుమాఱు తియ్యనిదిగానే చెప్పుట. రెండవది, ఎండిన దుంపకు వేఱుపేరుండుట. వరి, ధాన్యము, బియ్యము, అన్నము అను పదములు తెలుగువారికి వేర్వేఱైనట్లు, ఆండీస్ ప్రజలకు ఓకాయు కావియు వేర్వేఱు పదార్థములు. ఏ యవస్థకు వేఱు పేరున్నదో ఆ యవస్థ వారి జీవనమున బ్రధానమని దీనింబట్టి తెలియుచున్నది.

మఱి పులుపు సంగతి యేమి? దీనికి సమాధానము కర్షకుల నామవిభాగముననే కలదు. కుజ్కో ప్రాంతమున ఓకాలను రెండు తెగలుగా వ్యవహరింతురు. ఒకదానికి వాయ్కు ఓకా యని పేరు. వాయ్కు అనగా ఉడికించుట. రెండవదానికి పుస్కు ఓకా యని పేరు. పుస్కు అనగా పులుపు. మొదటి తెగ వండుకొని తినుటకు దగినది. రెండవ తెగ అట్లే తినుటకు దగనిది. దానిని నీట నానవేసి, మంచునకు గడ్డకట్టించి, ఎండబెట్టి నిలువచేయుదురు. ఇట్లు చేసిన పదార్థమునకు ఖయా యని పేరు. బొలీవియాలో పుల్లని తెగను సైతము ఖయా యనియే పిలుచుట కలదు. ఈ తెగలలో మరల రంగునుబట్టియు ఆకారమునుబట్టియు విశేషనామములు కలవు. పుకా యనగా ఎఱుపు, కిల్యు అనగా పసుపు, యురాక్ అనగా తెలుపు, యానా యనగా నలుపు; ఇట్టి వర్ణవాచకములు ఓకాశబ్దమునకు ముందు చేరుచుండును.

వెలుపలినుండి చూచువారికి రంగే మొదట గానవచ్చును గావున వారు రంగునుబట్టి విభజింతురు. కర్షకులు వినియోగమునుబట్టి మొదటి విభాగము చేసి, రంగును పిదప జేర్చిరి. ఈ విభాగము కేవలము వ్యవహారమాత్రము కాదని యర్వాచీన శాస్త్రము స్థాపించినది. జన్యుపరిశోధనలలో ఈ రెండు తెగల దుంపలు చాలవఱకు వేర్వేఱు సమూహములుగా గానవచ్చినవి. 2011లో ప్రకటితమైన యొక పరిశోధనమున పుల్లని తెగలో ఆక్సాలికామ్ల మెక్కువగా నున్నట్లు తేలినది. ప్రయోగశాలలో తేలిన యంశమును వ్రాత నెఱుగని కర్షకకుటుంబములు రెండు పదములలో బూర్వమే నిలిపియుంచినవి.

ఇక సాగు. ఓకాను విత్తనమునుండి గాక దుంపనుండియే పెంచుదురు. పూవులు పూసినను గింజ పట్టుట యరుదు. ఈ మొక్క పూవులలో కీలము పొడవునుబట్టి మూడు విధములు కలవు. ఒక విధమైన పూవునకు వేఱు విధమైన పూవునుండి పుప్పొడి రావలెను. ఒకే తెగనుండి దుంపద్వారా వృద్ధిపొందిన మొక్కలన్నియు నొకే విధమైన పూవులు పూయును గావున ఫలదీకరణమునకు అవకాశము స్వల్పము. అందువలన ప్రతి తెగయు ఏటేట చేతినుండి చేతికి, తల్లినుండి కూతునకు దుంపరూపముననే సంక్రమింపవలెను. వరిగింజను గాదెలో రెండు మూడేండ్లు దాచవచ్చును. ఓకాను అట్లు దాచుట సాధ్యము కాదు. ఒక్క సంవత్సరము నాటుట మానినచో ఆ యింట నా తెగ నశించినట్లే.

వర్షములు మొదలగు కాలమున, అనగా సామాన్యముగా ఆగస్టు మొదలు నవంబరు వఱకు, దుంపలను నాటుదురు. ఎద్దులు పోజాలని యేటవాలు నేలలలో కాలితో ద్రొక్కి త్రవ్వు చాకితాక్ల్యా యను పనిముట్టు నుపయోగింతురు. పొడవైన కఱ్ఱకు కొనయందు ఇనుపపలుగును, దానికి కొంచెము పైగా పాదము మోపుటకు పీటయును గట్టబడి యుండును. పురుషులు వరుసగా నిలిచి గడ్డను లేపుచుండగా స్త్రీలు దుంపలు వేయుదురు. ఒకరి పొలమునకు మఱియొకరు వచ్చి పనిచేసి బదులుగా పనిని బొందు పద్ధతికి అయ్‌ని యని పేరు. ఇది తెలుగుపల్లెలలోని బదుళ్ల పద్ధతివంటిది. చాలచోట్ల మొదటియేట బంగాళాదుంపను వేసిన చేలలో మఱుసటియేట ఓకాను వేయుదురు. తరువాత ధాన్యమునో చిక్కుడుజాతి పంటనో పండించి, పిమ్మట నేలను కొన్నియేండ్లు బీడు విడుతురు. బంగాళాదుంపకు వేసిన యెరువులో మిగిలిన సారము ఓకాకు చాలును. మధ్య వేఱు వంశపు పంట వచ్చుటచే బంగాళాదుంప తెగుళ్లకు ఎడము కలుగును. ఓకాకు ప్రబలశత్రువు దుంపను దొలుచు ముక్కుపురుగు. దాని నుండి కాపాడుకొనుటకు ఓకా నడుమ మాషువాను నాటు వాడుక పలుచోట్ల గలదు.

పగటికాలము తగ్గుచు వచ్చినప్పుడే ఓకా దుంప యూరును. ఆండీస్ మెట్టలు భూమధ్యరేఖకు చేరువ నుండుటచే పంటకాలపు చివరి నెలలలో దీనికి దగిన పగళ్లు లభించును. నాటిన ఆఱు మొదలు ఎనిమిది నెలలకు, ఏప్రిలు మొదలు జూన్ వఱకు, త్రవ్వకము జరుగును.

త్రవ్విన వెంటనే తీపి తెగ దుంపలనైనను వండక, కొన్ని దినములు ఎండలో బఱచి యుంచుదురు. దీనివలన ఆమ్లము తగ్గి చక్కెర యధికమగును. బంగాళాదుంప విషయమున ఇది తలక్రిందులు: దానిని వెలుతురునం దుంచినచో పచ్చబడి, విషగుణముగల చేదుపదార్థము పెరుగును. ఒక దుంపకు ఎండ మేలు, మఱియొక దానికి కీడు. రెంటిని నొకే పెరట పండించు గృహిణి ఈ భేద మెఱిగి మెలగవలెను. తెలుగువంటలలో కంద, చేమ మొదలైన దుంపలను చింతపండుతో వండుట దురదను బోగొట్టుటకే యని పెద్దలందురు. ఆ దురదకు మూలమైన సూదులవంటి స్ఫటికములును ఆక్సాలికామ్లమునుండి యేర్పడినవే. ఒకే పదార్థముతో గలిగిన చిక్కును తెలుగువారు పులుపుతో బరిష్కరింపగా ఆండీస్ ప్రజలు ఎండతోను, నీటితోను, మంచుతోను బరిష్కరించిరి.

పుల్లని తెగనుండి ఖయాను చేయు విధ మిట్టిది. దుంపలను ప్రవాహజలముననో గుంటలలోనో పలుదినములు నాననిత్తురు; ఆమ్లము నీటిలో గరగి పోవును. జూన్, జులై నెలలలో రాత్రులయందు మంచు తీవ్రముగా గురియునపుడు వానిని మైదానమున బఱతురు. రాత్రి గడ్డకట్టి, పగలు కరగిన దుంపలను కాళ్లతో ద్రొక్కి నీరు పిండి, మరల నెండనిత్తురు. కొన్ని దినము లిట్లు జరుగగా దుంప తేలికయై, గట్టిపడి, ఏండ్లకొలది చెడక నిలుచును. బంగాళాదుంపనుండి ఇదే విధమున చేయబడు పదార్థమునకు చూన్యు అని పేరు. పంటపోయిన సంవత్సరములందు ఈ నిలువసరకులే ప్రాణాధారములు. కావున పుస్కు ఓకాను దక్కువ తెగ యని యెంచరాదు. తీపి తెగ నేటి భోజనము. పుల్లని తెగ రేపటి యాపత్తునకు నిలువ. రెండు తెగలు పెంచుటలోని యుద్దేశ మిదియే.

పర్వతములు దాటిన యోకా చరిత్ర కొంచెమే. 1830 ప్రాంతమున యూరపునకు దీనిని గొనిపోయి బంగాళాదుంపకు బ్రత్యామ్నాయముగా నాట బ్రయత్నించిరి. అచ్చటి వేసవిపగళ్లు దీర్ఘములగుటచే దుంప యూరుట యాలస్యమై, ఊరుసరికి మంచు పడి మొక్క నశించుచుండెను. ఆ ప్రయత్నము తోటలలో వింతగా నిలిచినదే కాని పంట కాలేదు. 19వ శతాబ్దముననే న్యూజీలాండు చేరిన ఓకా మాత్రము అచ్చట బాగుగా నిలిచి విపణియందు బ్రవేశించినది. కాని యచ్చట దాని పేరు యామ్ అని మాఱినది. ఆ పేరు పెండలము మొదలైన వేఱుజాతి కందములది. మెక్సికోలో దీనిని ఎఱ్ఱ బంగాళాదుంప యనియు, పరదేశపు బంగాళాదుంప యనియు బిలుచుట కలదు. వ్యాసారంభమున బేర్కొన్న రెండవ విధమైన నామములకు ఇవి చక్కని లక్ష్యములు. పేరుతోబాటు వినియోగజ్ఞానమును లుప్తమైనది. యామ్ అను పేరు విని కొనువానికి ఉడికించు తెగ, నిలువచేయు తెగ యను భేదము స్ఫురింపదు. నిలువచేయు తెగ యొకటి కలదనియే తెలియదు.

జన్మభూమియందును ఓకాకు గష్టము లేకపోలేదు. పట్టణములకు వలసపోవువారి చేలు బీళ్లగుచున్నవి. దుంపద్వారా సంక్రమించు తెగుళ్లు దిగుబడిని దగ్గించుచున్నవి. కొనితెచ్చుకొను బియ్యమును గోధుమపిండి వంటకములును పూర్వపుటాహారముల చోటు నాక్రమించుచున్నవి. 1971లో లీమా నగరమున స్థాపితమైన అంతర్జాతీయ బంగాళాదుంప సంస్థ ఓకా తెగలను సేకరించి రక్షించుచున్నది. ఇది యావశ్యకమైన కార్యము. కాని గాజునాళములలో మొక్క నిలుచును. ఏ తెగను ఉడికింపవలెనో, దేనిని నానవేయవలెనో, ఎన్నినాళ్లు ఎండనీయవలెనో యను సంగతి నిలువదు. ఆ సంగతి పేళ్లలోను, ఆ పేళ్లు పలుకువారి వంటయిండ్లలోను ఉన్నది. తెగ మిగిలి పేరు పోయినచో సగము పోయినట్లే.

నిఘంటుకర్తల కిందు గ్రహింపదగిన పాఠ మున్నది. తెలుగు నిఘంటువులయందు ఎన్నియో మొక్కల పేళ్లకు వృక్షవిశేషము, లతావిశేషము అను నంతటితో నర్థము ముగియుట పండితు లెఱిగినదే. కావ్యపఠనమునకు ఆ యర్థము చాలవచ్చును. పండించి తినువారికి అది యర్థమే కాదు. వాయ్కు, పుస్కు, కావి, ఖయా యను నాలుగు మాటలకును దుంపవిశేషమని యర్థము వ్రాసినచో నందు నశించున దొక కొండజాతి జీవనశాస్త్రము. మొక్కపేరును సేకరించునపుడు దాని రూపముతోబాటు ఎవరు పండింతురో, ఎట్లు వండుదురో, ఏ యవస్థలో నే పేరు మాఱునో చేర్చి వ్రాయుట యవసరము. అట్లు వ్రాసినప్పుడే మాట నిలుచును. మాటతో బంటయు నిలుచుట కవకాశము కలుగును.